చదరంగంలో బలగం, మోహరింపు, రాజు రక్షణ

చదరంగంలో ఒక స్థితి ఎవరికి అనుకూలంగా ఉందో తేల్చడానికి ఆటగాళ్ళు ముఖ్యంగా మూడు సంగతులు చూస్తారు. బల్లమీద ఎవరి దగ్గర ఎంత విలువైన పావులు ఉన్నాయన్నది బలగం. వాటిలో ఎన్ని మొదటి గళ్ళు వదిలి పోరులోకి వచ్చాయన్నది మోహరింపు. ఎదుటి పావుల దాడికి రాజు అందుతాడా లేదా అన్నది రాజు రక్షణ. చాలా ఆటల్లో ఈ మూడూ ఒకే పక్షాన ఉండవు. దూరంగా ఉన్న ఒక బంటును కొట్టడానికి రెండు మూడు ఎత్తులు ఖర్చవుతాయి. ఆలోగా ఎదుటి ఆటగాడు రెండు మూడు పావులను బయటికి తెచ్చి, నడిమి వరుసలు తెరిచి, ఇంకా మధ్యలోనే ఉన్న రాజు మీదికి వస్తాడు. దేన్ని వదులుకొని దేన్ని దక్కించుకోవాలన్న ఈ ప్రశ్న మీదే ఆట ఆరంభ సిద్ధాంతంలో పెద్ద భాగం పెరిగింది.

ఈ మూడింటి స్వభావాలు వేరు. బలగం నిలిచే లాభం. ఈ రోజు గెలిచిన బంటు నలభై ఎత్తుల తరవాత కూడా బంటే, చివరి గడికి చేరితే మంత్రి కూడా అవుతుంది. మోహరింపులో ముందంజ కరిగిపోయే లాభం. ఎదుటివాడికి నాలుగు ఎత్తుల తీరిక దొరికితే అది మాయమవుతుంది. రాజు రక్షణ ఈ రెంటికీ మధ్యది. మధ్యలో ఉన్న రాజు రెండు ఎత్తుల్లో పక్కకు తప్పుకోవచ్చు గానీ, రాజు ముందు బంట్ల వరుస ఒకసారి చెదిరితే మళ్ళీ కుదురుకోదు, ఎందుకంటే బంటు వెనక్కి నడవదు. కాబట్టి వీటిని ఒకదానితో ఒకటి తూచేటప్పుడు ఎంత లాభం అన్నదానితో పాటు, అది ఎన్ని ఎత్తులపాటు నిలుస్తుందన్నదీ లెక్కలోకి రావాలి.

పావుల విలువలు

అంతర్జాతీయ ఆటలో క్వీన్, రూక్, బిషప్, నైట్ అనే పావులు తెలుగులో వరుసగా మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం. బంటు విలువను 1గా తీసుకుంటే గుర్రానికి 3, శకటుకు 3, ఏనుగుకు 5, మంత్రికి 9 అన్నది ఆట నేర్చుకునే ప్రతి ఒక్కరూ మొదట వినే లెక్క. రాజుకు విలువ కట్టరు. రాజు చిక్కితే ఆట ముగిసినట్టే.

ఈ అంకెలను సరిచూసే ప్రయత్నాలు చాలా జరిగాయి. 1999లో అమెరికా ఆటగాడు లారీ కాఫ్‌మన్ పెద్ద ఆటగాళ్ళ ఆటలను రాశిగా పోసి లెక్కించి, గుర్రానికీ శకటుకూ 3.25 చొప్పున, ఏనుగుకు 5, మంత్రికి 9.75 వేశాడు. రెండు శకటులూ కలిసి ఉంటే మరో అర బంటు కలిపాడు. 2020లో డీప్‌మైండ్ పరిశోధకులు ఆల్ఫాజీరో ప్రోగ్రాం ఆటల నుంచి రాబట్టిన విలువలు గుర్రానికి 3.05, శకటుకు 3.33, ఏనుగుకు 5.63, మంత్రికి 9.5. పద్ధతులు వేరైనా ఫలితాలు దగ్గరదగ్గరగానే ఉన్నాయి.

అయితే ఇవన్నీ సగటులు. మూల గడిలో కదలకుండా ఉన్న ఏనుగు విలువ పుస్తకంలో 5. బల్లకు రెండో వైపున పది ఎత్తుల్లో తేలిపోయే పోరు జరుగుతుంటే, అక్కడికి చేరలేని ఆ ఏనుగు విలువ ఆ పది ఎత్తులకూ సున్నా. బలి ఇచ్చేవాడి ధైర్యమంతా ఇక్కడి నుంచే వస్తుంది. మొత్తం బలగంలో తాను వెనకబడినా, పోరు జరిగే చోట తనవే ఎక్కువ పావులు ఉంటాయి.

బలగాన్నీ చురుకుదనాన్నీ ఒకే త్రాసులో వేసిన తొలి గణితజ్ఞుల్లో క్లాడ్ షానన్ ఒకడు. కంప్యూటర్‌కు చదరంగం నేర్పడం గురించి 1950లో అచ్చయిన వ్యాసంలో ఆయన పావులకు 9, 5, 3, 3, 1 అనే విలువలు తీసుకొని, ఆడటానికి వీలున్న ఒక్కొక్క ఎత్తుకూ 0.1 కలిపాడు. స్వేచ్ఛగా కదిలే పావులున్న పక్షం బంటు తక్కువైనా సరితూగగలదన్న అనుభవం అలా తొలిసారి సూత్రం రూపం దాల్చింది.

మోహరింపు, కాలం లెక్క

ఆట మొదలయ్యేటప్పుడు గుర్రాలు తప్ప వెనక వరుసలోని ఏ పావూ కదలలేదు. మధ్య బంట్లను జరిపి, గుర్రాలనూ శకటులనూ బయటికి తెచ్చి, రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరిపే క్యాస్లింగ్ చేసి, ఏనుగులను ఒకదానితో ఒకటి కలపడంతో మోహరింపు పూర్తవుతుంది. ఇద్దరూ ఈ దారిలో ఎన్ని ఎత్తులు నడిచారో లెక్కిస్తే ఎవరు ముందున్నారో తెలుస్తుంది. మూడు ఎత్తుల ముందంజ ఒక బంటుకు సమానమని పాత పుస్తకాల్లో ఒక మోటు లెక్క ఉంది. నడిమి వరుసలు తెరుచుకున్న స్థితుల్లో అది బాగానే పనిచేస్తుంది. మధ్య బంట్లు ఎదురెదురుగా బిగుసుకుపోయిన స్థితుల్లో పనిచేయదు, ఎందుకంటే బయటికి వచ్చిన పావులకు లోపలికి వెళ్ళే దారి ఉండదు.

ఒకే పావును ఆరంభంలో పదేపదే కదపడం, మంత్రిని తొందరపడి బయటికి తెచ్చి చిన్న పావులకు తరిమే అవకాశం ఇవ్వడం, అంచున ఉన్న బంటు కోసం పరుగెత్తడం కాలం పోగొట్టుకునే మార్గాలు. మంత్రితో బి2 బంటును కొట్టడం వీటన్నిటికీ ఆనవాలు. సిసిలియన్ రక్షణలోని నైడార్ఫ్ శాఖలో నల్లపక్షం తెలిసితెలిసీ ఆ పని చేస్తుంది. దాన్ని విషపు బంటు శాఖ అంటారు. బాబీ ఫిషర్ దాన్ని ఎన్నోసార్లు గెలుపుకు వాడుకున్నాడు. 1972లో రేక్జావిక్‌లో బోరిస్ స్పాస్కీతో జరిగిన ప్రపంచ పోటీలో ఏడో ఆటలో అదే శాఖ ఆడి డ్రా చేసుకున్నాడు. పదకొండో ఆటలో మాత్రం స్పాస్కీ 14వ ఎత్తులో తన గుర్రాన్ని మొదట ఉన్న గడికే వెనక్కి తీసుకెళ్ళాడు. ఫిషర్ మంత్రికి తప్పించుకునే దారులు మూసుకుపోయి, 31 ఎత్తుల్లో ఆట ముగిసింది. అంతమాత్రాన ఆ శాఖ తప్పని తేలలేదు. మేటి ఆటగాళ్ళు నేటికీ దాన్ని ఆడుతున్నారు. బంటును కొట్టిన తరవాత ఒక్క ఎత్తు కూడా వృథా చేసే వీలు లేదన్నదే ఆ ఆట నేర్పిన పాఠం.

రాజు రక్షణ

ఆరంభంలో రాజు పక్కన ఉన్న ఎఫ్‌7 గడిని, తెల్లపక్షంలో ఎఫ్‌2 గడిని, రాజు ఒక్కడే కాస్తాడు. కొత్తవారి ఆటల్లో తొలి దాడులన్నీ ఆ గడి మీదికే వస్తాయి. క్యాస్లింగ్ ఒక్క ఎత్తులో రెండు పనులు చేస్తుంది. రాజును మూడు బంట్ల వెనక దాస్తుంది, ఏనుగును మధ్యకు తెస్తుంది. రాజు రక్షణ, మోహరింపు ఒకే తీగకు అల్లుకొని ఉన్నాయనడానికి ఇదే పెద్ద నిదర్శనం.

క్యాస్లింగ్ చేసిన రాజుకూ ప్రమాదం తప్పిపోదు. తెల్ల శకటు హెచ్‌7 బంటును కొట్టి బలవుతుంది, గుర్రం జి5కు దూకుతుంది, మంత్రి హెచ్‌5కు చేరుతుంది. 17వ శతాబ్దపు ఇటలీ ఆటగాడు జోయాకీనో గ్రెకో రాతల నుంచి నేటి వరకు ఈ దాడి ఆటగాళ్ళకు పరిచితమే. అది ఫలించాలంటే కొన్ని షరతులు ఉన్నాయి. నల్ల గుర్రం ఎఫ్‌6లో కాపలా ఉండకూడదు, తెల్ల మంత్రికీ గుర్రానికీ దారి తెరిచి ఉండాలి, నల్ల పావులు సాయానికి సకాలంలో రాలేకపోవాలి. దాడికి వచ్చే పావులెన్ని, కాచే పావులెన్ని అన్న లెక్కే ఇక్కడా నిర్ణయిస్తుంది.

బలగంలో ముందున్నవాడు మంత్రులను మార్చుకోవాలని చూడటం కూడా ఇందుకే. మంత్రులు బల్ల దిగితే రాజుకు ప్రమాదం బాగా తగ్గి, ఆట చివరి ఘట్టం వైపు నడుస్తుంది. అక్కడ అదనపు బంటే రాజ్యమేలుతుంది.

నెమ్మది ఆట నుంచి వేగపు ఆటకు

ఈ తూకం మొదటి నుంచీ ఇంత పదునుగా లేదు. భారతదేశంలో పుట్టిన చతురంగం పర్షియా, అరబ్బు నాడుల్లో షత్రంజ్‌గా మారిన కాలంలో మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే జరిగేది. శకటు స్థానంలోని పావు మూలగా రెండో గడికి దూకేది. అంత బలహీనమైన పావులతో పదిహేను ఎత్తుల్లో రాజును చుట్టుముట్టడం కుదరదు. ఇద్దరూ తాపీగా తమకు నచ్చిన వరుసలో పావులు పేర్చుకొని తరవాతే తలపడేవారు. 15వ శతాబ్దం చివర ఐరోపాలో మంత్రికీ శకటుకూ నేటి నడకలు వచ్చాయి. బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఎత్తులో దాడి చేయగలిగిన క్షణం నుంచి ఒక్క ఎత్తు ఆలస్యానికీ వెల పుట్టింది.

భారతదేశపు పాత పద్ధతిలో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే నడిచేది. క్యాస్లింగ్ లేదు. బదులుగా రాజు ఆటలో ఒకసారి గుర్రంలా దూకవచ్చు. ఈ పద్ధతిలో ఆట నేర్చుకున్న మీర్ సుల్తాన్ ఖాన్ తరవాత ఇంగ్లండు వెళ్ళి 1929, 1932, 1933లలో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. ఐరోపా పద్ధతి ఆరంభాలు ఆయనకు చివరిదాకా బలహీనతగానే ఉండేవని, మధ్య ఘట్టంలోనూ చివరి ఘట్టంలోనూ ఆయన ప్రతిభ దాన్ని పూడ్చేదని చరిత్రకారులు రాశారు.

రొమాంటిక్ యుగం, మార్ఫీ

19వ శతాబ్దపు తొలి సగంలో బలి ఇవ్వడం గౌరవం, స్వీకరించడం మర్యాద. వేల్స్‌కు చెందిన ఓడ కెప్టెన్ విల్లియం డేవిస్ ఎవాన్స్ 1820లలో ప్రవేశపెట్టిన, ఆరంభంలోనే బంటు బలిచ్చే గాంబిట్‌లో తెల్లపక్షం నాలుగో ఎత్తులోనే బి బంటును ఇచ్చి, నల్ల శకటును తరిమే ఎత్తులు సంపాదించి, మధ్యను ఆక్రమిస్తుంది. 1851 జూన్ 21న లండన్‌లో అడోల్ఫ్ ఆండర్సన్ లియోనెల్ కీసెరిట్స్కీ మీద ఆడిన ఆటలో ఒక శకటును, రెండు ఏనుగులను, చివరికి మంత్రిని కూడా ఇచ్చి, మిగిలిన మూడు చిన్న పావులతో ఆటకట్టు చేశాడు. దానికి అమర క్రీడ అన్న పేరు నిలిచిపోయింది.

ఆ దాడుల వెనక ఉన్న కారణాన్ని ఆటతోనే విడమరచి చూపినవాడు న్యూ ఆర్లియన్స్‌కు చెందిన పాల్ మార్ఫీ. 1858లో పారిస్ ఒపేరాలో బ్రన్స్‌విక్ డ్యూక్, కౌంట్ ఇసువార్ ఇద్దరూ కలిసి ఆయనతో ఆడారు. ఎనిమిదో ఎత్తులో మార్ఫీకి బి7 బంటును మంత్రితో కొట్టే వీలుంది. అలా కొడితే నల్లపక్షం మంత్రులను మార్చుకుంటుంది, మార్ఫీకి ఒక బంటు మిగులుతుంది. అది నమ్మకమైన లాభమే. మార్ఫీ దాన్ని వదిలి గుర్రాన్ని బయటికి తెచ్చాడు. అప్పటికి నల్ల మంత్రి తన శకటుకే అడ్డంగా నిలిచి ఉంది, రాజు మధ్యలో ఉన్నాడు. పదో ఎత్తులో రెండు బంట్లకు గుర్రాన్ని ఇచ్చాడు, పన్నెండో ఎత్తులో క్యాస్లింగ్ చేసి ఏనుగును నేరుగా పోరులో దించాడు, పదమూడులో ఏనుగును, పదహారులో మంత్రిని బలి పెట్టాడు. పదిహేడో ఎత్తులో ఆటకట్టు. అప్పటికి నల్లపక్షానికి మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం మిగిలే ఉన్నాయి. ఆ ఏనుగూ శకటూ ఆట మొత్తంలో ఒక్క గడి కదలలేదు. మార్ఫీకి మిగిలినవి, బంట్లు కాక, ఒక ఏనుగు, ఒక శకటు. మోహరింపు విలువ బోధించడానికి ఇంతకన్నా మంచి ఆట నేటికీ లేదు.

స్టైనిట్జ్ తెచ్చిన మార్పు

1886లో యోహానెస్ జుకెర్టోర్ట్‌ను ఓడించి తొలి అధికారిక ప్రపంచ చాంపియన్ అయిన విల్‌హెల్మ్ స్టైనిట్జ్ ఈ తూకాన్ని రెండో వైపు నుంచి చూశాడు. దాడి ఆటగాడి ప్రతిభ వల్ల మాత్రమే ఫలించదు, స్థితిలో అప్పటికే లాభం ఉంటేనే ఫలిస్తుంది. సమస్థితిలో వచ్చిన బలిని స్వీకరించి, ఓపికగా కాచుకుంటే అదనపు బలగం చివరికి గెలిపిస్తుంది. ఈ నమ్మకంతో ఆయన ఇరుకు స్థితుల్లో గంటలకొద్దీ కాచుకొని గెలిచాడు. ఆయన పేరుతో ఉన్న గాంబిట్‌లో తెల్లరాజు ఐదో ఎత్తులోనే తన ముందరి గడికి నడిచి వస్తాడు. రాజు కూడా పోరాడే పావేనని, మధ్యలో గట్టి బంట్లుంటే తనను తాను కాచుకోగలడని ఆయన వాదన.

తరవాతి తరాలు రెండు పాఠాలనూ కలుపుకున్నాయి. రుడాల్ఫ్ స్పీల్‌మన్ 1935లో వెలువరించిన పుస్తకంలో బలులను రెండుగా విడగొట్టాడు. ఇచ్చినది కొన్ని ఎత్తుల్లో తప్పక తిరిగి వచ్చేదో, ఆటకట్టుతో ముగిసేదో ఉత్తుత్తి బలి, అది లెక్క మాత్రమే. ఫలితం లెక్కకు అందనిది నిజమైన బలి. దానికి అంచనా కావాలి, సాహసం కావాలి. 1960లో ప్రపంచ చాంపియన్ అయిన మిఖాయిల్ తాల్ ఆ రెండో రకానికి మారుపేరు. మిఖాయిల్ బోత్విన్నిక్‌తో ఆ పోటీ ఆరో ఆటలో ఆయన ఎఫ్‌4లో ఇచ్చిన గుర్రానికి జవాబులు తరవాతి విశ్లేషణల్లో దొరికాయి. గడియారం నడుస్తుండగా, బల్ల ముందు కూర్చున్న బోత్విన్నిక్‌కు దొరకలేదు. కాచుకోవడం దాడి చేయడంకన్నా కష్టమన్నదీ ఈ తూకంలో ఒక బరువే.

బలిని ఎదుర్కొనే మార్గాలు

బంటును ఎర వేసినప్పుడు ఎదుటి ఆటగాడికి మూడు దారులుంటాయి. నిరాకరించడం ఒకటి. స్వీకరించి చివరిదాకా పట్టుకోవడం రెండోది. 1918లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మార్షల్ స్పానిష్ ఆరంభంలో తన పేరు మోయబోయే బంటు బలిని హోసె రావుల్ కాపాబ్లాంకా మీద ప్రయోగించాడు. కాపాబ్లాంకా బంటు తీసుకొని, రాజు మీదికి వచ్చిన భీకర దాడిని ఎత్తు ఎత్తుకూ కాచి, గెలిచాడు. ఆ గాంబిట్ మాత్రం చావలేదు. మెరుగుపడి నేటికీ నల్లపక్షానికి నమ్మకమైన ఆయుధంగా నిలిచింది.

స్వీకరించి, సరైన సమయంలో తిరిగి ఇచ్చేయడం మూడోది. తరచుగా అదే ఉత్తమం. ఎవాన్స్ గాంబిట్‌కు ఇమాన్యుయెల్ లాస్కర్ సూచించిన రక్షణలో నల్లపక్షం గెలిచిన బంటును వదిలేసి, దాడి వేడిని చల్లార్చి, మంచి బంట్ల అమరికతో మిగులుతుంది. తెల్లపక్షం రెండు బంట్లు ఇచ్చే డేనిష్ గాంబిట్‌లో కార్ల్ ష్లెక్టర్ సూచించిన డి బంటు ముందడుగు కూడా ఇలాంటిదే. నిలిచే లాభాన్ని ఖర్చుపెట్టి పోగొట్టుకున్న కాలాన్ని కొనుక్కోవడమే దీని సారం.

మంత్రి గాంబిట్‌లో పట్టుదల ఎలా చేటు చేస్తుందో కనిపిస్తుంది. నల్లపక్షం సి4 బంటును కొట్టి, దాన్ని బి బంటుతోనూ, తరవాత సి బంటుతోనూ కాచాలని చూస్తే, తెల్లపక్షం ఎ బంటును రెండు గళ్ళు జరిపి ఆ గొలుసును తెంచుతుంది. ఆపైన మంత్రి ఎఫ్‌3కు వచ్చి మూలనున్న ఏనుగును గురిపెడుతుంది. నల్లపక్షం ఒక బంటు కాపాడబోయి ఒక పావునే పోగొట్టుకుంటుంది.

ఒకే ఆరంభం మీద తీర్పు మారిపోవడమూ ఉంది. 1985 ప్రపంచ పోటీ పదహారో ఆటలో గ్యారీ కాస్పరోవ్ ఎనిమిదో ఎత్తులో బంటు ఇచ్చి, డి3లో గుర్రాన్ని నాటి, అనతొలి కార్పోవ్ పావులను కదలనీయకుండా చేసి గెలిచాడు. మరుసటి ఏడాది బ్రస్సెల్స్‌లో కార్పోవ్ అదే స్థితిలో వాన్ డెర్ వీల్ మీద శకటును ఇ3కు తెచ్చి ఆ గాంబిట్‌కు సరైన జవాబు చూపించాడు. మోహరింపు లాభం ఒక్క కచ్చితమైన ఎత్తుతో ఆవిరి కాగలదు.

నిలిచే ప్రతిఫలం

బలికి దక్కే ప్రతిఫలం ఎప్పుడూ తాత్కాలికం కానక్కర లేదు. పాల్ బెంకో పేరున్న గాంబిట్‌లో నల్లపక్షం ఒక బంటు ఇచ్చి ఎ, బి నిలువు వరుసలను తెరుస్తుంది. ఏనుగుల ఒత్తిడి మంత్రులు మారిపోయిన తరవాత కూడా తగ్గదు. ఏనుగునిచ్చి గుర్రాన్నో శకటునో తీసుకునే ఎక్స్ఛేంజి బలిలో టైగ్రాన్ పెట్రోస్యాన్ మేటి. 1953 జూరిక్ పోటీలో శామ్యూల్ రెషెవ్‌స్కీ మీద ఆయన ఏనుగును ఇ6లో శకటుకు వదిలేశాడు. తన గుర్రం డి5కు చేరి తెల్ల బంట్లను అడ్డుకోవాలన్నదే ఉద్దేశం. ఏ ఆటకట్టూ కనిపించని ఆ బలితో ఆయన కష్టమైన స్థితిని డ్రాగా మార్చాడు.

మన కాలంలో గొప్ప ఉదాహరణ విశ్వనాథన్ ఆనంద్‌ది. 2013లో వైక్ ఆన్ జీలో లెవాన్ అరోనియన్ గుర్రంతో హెచ్‌7 బంటును కొట్టాడు. తరవాత అదే గుర్రం ఎఫ్‌8లోని ఏనుగునూ తీసుకుంది. ఆనంద్ పట్టించుకోలేదు. ఆయన శకటులు రెండూ తెల్లరాజు వైపు గురిపెట్టి ఉన్నాయి, గుర్రం దగ్గరికి చేరింది. అరోనియన్ 23 ఎత్తులకే ఓటమి ఒప్పుకున్నాడు. బలగంలో ఆయనే ముందున్నాడు, కానీ ఆయన ఎ1 ఏనుగూ సి1 శకటూ ఒక్క అడుగు కూడా వేయలేదు.

కంప్యూటర్ల తీర్పు

తొలి తరాల ప్రోగ్రాములు బంటు కనిపిస్తే వదిలేవి కావు. అందుకే 1997 మే 11న న్యూయార్క్‌లో డీప్ బ్లూ కంప్యూటర్ కాస్పరోవ్ మీద ఎనిమిదో ఎత్తులో గుర్రాన్ని ఇ6లో బలిచ్చినప్పుడు లోకం నివ్వెరపోయింది. ఆ ఎత్తు ముందే నిల్వచేసిన ఆరంభాల సంకలనంలోది. అయినా దాని ఫలితం ఈ వ్యాసం చెప్పే సూత్రానికి అద్దంపట్టింది. కాస్పరోవ్ రాజు క్యాస్లింగ్ హక్కు కోల్పోయి మధ్యలో చిక్కాడు, పావులు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. 19 ఎత్తుల్లో ఆటా, దానితో పోటీ కూడా ముగిశాయి.

2017 డిసెంబరులో ఆల్ఫాజీరో మరో ప్రోగ్రాం అయిన స్టాక్‌ఫిష్‌తో 100 ఆటలు ఆడి 28 గెలిచింది, 72 డ్రా చేసుకుంది, ఒక్కటీ ఓడలేదు. మనుషుల విలువల పట్టిక దానికి ఎవరూ నేర్పలేదు. తనతో తాను ఆడి నేర్చుకున్న ఆ ప్రోగ్రాం, ఎదుటి పావులు కదలలేని స్థితి కోసం బంట్లను ధారాళంగా ఇచ్చేది. 2020 నుంచి స్టాక్‌ఫిష్ కూడా న్యూరల్ నెట్‌వర్క్ అంచనాను చేర్చుకుంది. అలాగని యంత్రాలు ప్రతి బలినీ మెచ్చుకోవు. ఎఫ్ బంటు బలితో మొదలయ్యే కింగ్స్ గాంబిట్‌ను, దానితో రాజు రక్షణ కూడా సడలుతుంది గనక, అవి తెల్లపక్షానికి కాస్త నష్టంగానే లెక్కిస్తాయి. చురుకుదనం చాలాకాలం నిలిచే చోట బంటు చవక, త్వరగా కరిగే చోట ఖరీదు అని వాటి లెక్కలు స్పష్టం చేశాయి.

ఆటలో అంచనా కట్టే పద్ధతి

బంటు తీసుకోవాలా, ఇవ్వాలా అని తేల్చుకునేటప్పుడు శిక్షకులు నేర్పే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. బంటును కొట్టి పావును సురక్షితంగా వెనక్కి తెచ్చుకోవడానికి ఎన్ని ఎత్తులు పడుతుంది? ఆలోగా ఎదుటివాడు ఏ వరుసను తెరవగలడు? రెండు పక్షాల రాజుల చుట్టూ దాడికి వచ్చేవెన్ని, కాచేవెన్ని? మంత్రులు మారితే మిగిలే ప్రతిఫలం ఏమిటి? తీసుకున్నదాన్ని తిరిగి ఇచ్చి ఊపిరి పీల్చుకునే దారి ఉందా? వీటికి జవాబులు ఎత్తుల రూపంలో, పేరుపేరునా దొరకాలి. దాడి ఉంటుందన్న ఊహ చాలదు, ఎదుటివాడికి దాడి లేదన్న ధీమా కూడా చాలదు.

మార్ఫీ బంటును వదిలిన చోట, కాపాబ్లాంకా బంటును పట్టుకున్న చోట, ఇద్దరూ ఒకే లెక్క చేశారు. ఒకరికి కాలం ఎక్కువ విలువైనదని, మరొకరికి కాలం తన పక్షాన పనిచేస్తుందని ఆ స్థితే చెప్పింది. పావుల పట్టిక ఒక్క రోజులో వస్తుంది. ఆ పట్టికను ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో మాత్రం ఇలాంటి ఆటలను ఒక్కొక్కటిగా బల్లమీద పరిచి, ప్రతి ఎత్తు దగ్గరా ఆగి, కారణం వెతుక్కుంటేనే వస్తుంది.